ఎర్రావు మీద రాసిన మాట

పటకారు చెవి అంచున బిగించగానే ఏ పశువైనా తల విసురుతుంది. ఆ పెయ్య విసరలేదు. చౌడేశ్వరమ్మ దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, దాని నుదుటికి తన చెంప ఆనించి నిలబడింది. భువనేశ్వరి నొక్కింది. గోరంత ముక్క తెగి పటకారులో ఉండిపోయింది.

"అయిపోయిందిలే నా తల్లీ," అంది చౌడేశ్వరమ్మ పెయ్యతో.

భువనేశ్వరి ఆ ముక్కను చిన్న గొట్టంలో వేసి మూత తిప్పింది. గొట్టం మీద నంబరు రాయడానికి పెన్ను పట్టుకుంటే వేళ్లు మాట వినలేదు. మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు దాటాక డిసెంబరు పొద్దులు ఇట్లాగే ఉంటాయి. ఎనిమిదైనా మంచు వీడదు. నగరిలో మగ్గాల మధ్య పెరిగి, పశువైద్య సహాయకురాలిగా ఇటు వచ్చిన మనిషికి రెండేళ్లయినా ఈ చలి అలవాటు కాలేదు. ఆమె రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఊది, మళ్లీ రాసింది.

"ఆ ఎర్రావును ముందు సూడాల్సింది మేడం," అన్నాడు గంగాధరం. పాక గుంజకు ఆనుకుని, కంబళి కప్పుకుని నిలబడ్డాడు. తొమ్మిది ఆవులున్న ఇల్లు అది. ఊరి పాల కేంద్రం కూడా ఆయన చేతిలోనే ఉంది. "మావన్నీ తగులుకున్నవే గానీ తెచ్చినవి గాదు."

"వరసగా వస్తా ఉండానన్నా. ఐదింటికీ తియ్యాల."

మూడు వారాల కిందట ఊళ్లో పారుడు మొదలైంది. నీళ్లలాంటి పేడ, నోట్లో పుండ్లు, ఒళ్లు కాలిపోయే జ్వరం. పదకొండు ఆవులకు పాలు సగానికి పడిపోయాయి. రెండు దూడలు చచ్చిపోయాయి. అప్పుడు తీసిన చెవి ముక్కల్లో ఐదింటిలో వైరస్ కనబడింది. ఆ ఐదింటికే ఇప్పుడు రెండో పరీక్ష. జబ్బు వచ్చిపోయే పశువులో ఈపాటికి అది ఉండదనీ, ఇంకా ఉందంటే ఆ పశువే దాన్ని మోస్తూ అందరికీ పంచుతోందని అర్థమనీ మండల పశువైద్యుడు యోగానంద చెప్పి పంపాడు. ఊరికి మాత్రం పరీక్షతో పని లేకుండానే తెలుసు. జబ్బు తెచ్చింది చంద్రకాంతమ్మ రెండు నెలల కిందట పుంగనూరు సంతలో కొన్న ఎర్రావు.

గంగాధరం భార్య చౌడేశ్వరమ్మ ఇంకా పెయ్య గంగడోలు నిమురుతూనే ఉంది. ఏడాదిన్నర వయసున్నా పది నెలల దానిలా కనబడుతుంది. వెంట్రుకలు గరుగ్గా నిలబడి ఉన్నాయి. "పుట్టినప్పటి నుంచి ఇంతే. ఎంత పెట్టినా ఒంటికి పట్టదు. సీసాతో తాపి బతికించినాను దీన్ని. ఇన్నాళ్లూ పాకలోనే ఉండె, ఈ మధ్యనే అన్నిటితో కలిపి ఊరి తొట్టికి తోలతా ఉండాం," అంది ఆమె.

భువనేశ్వరి ఐసు పెట్టె భుజానికి తగిలించుకుని పాల కేంద్రం మీదుగా నడిచింది. గోడ మీద తన చేతిరాత. మొదటిసారి వచ్చిన రోజు రాసిన రిపోర్టు అది. ఆ రోజు పన్నెండు పాకలు తిరిగింది. మధ్యాహ్నం అన్నం లేదు. "జబ్బు వచ్చిన దారి" అన్న గడి దగ్గర పెన్ను ఆగితే, పక్కన నిలబడిన గంగాధరం, "సంత ఆవు. రాయి మేడం, అందరికీ తెలిసిందే గదా," అన్నాడు. రాసింది. ఆయన ఫోనులో ఫోటో తీసుకుని, పలమనేరులో జిరాక్సు తీయించి, గోడకు అంటించాడు.

ఆ మర్నాటి నుంచి చంద్రకాంతమ్మ పాలు కేంద్రంలో పోసుకోలేదు. ఆమె ఆవులను ఊరి నీళ్ల తొట్టి దగ్గరికి రానివ్వలేదు. పాలు తాగితే ఏమీ కాదని, మనుషులకు ఇది రాదని భువనేశ్వరి ఒకసారి చెప్పింది. ఎవరూ విన్నట్టు కనబడలేదు. రెండోసారి చెప్పలేదు.

*

చంద్రకాంతమ్మ పాక ఊరికి ఆ చివర. భువనేశ్వరి వెళ్లేసరికి ఆమె తలమీద బిందె, చంకలో బిందెతో చేను వైపు నుంచి వస్తోంది. యాభై దాటిన మనిషి. బిందెలు దింపి, నడుం పట్టుకుని, కాసేపు వంగే ఉండిపోయింది. రెండు ఆవులకు రోజుకు ఎన్ని బిందెలు కావాలో భువనేశ్వరికి తెలుసు. తొట్టి మాత్రం ఇంటికి ముప్పై అడుగుల దూరంలో, నిండా నీళ్లతో కనబడుతూనే ఉంది.

"పట్టుకుంటాను పద," అంది చంద్రకాంతమ్మ.

ఎర్రావు ఆరు నెలల చూడి. పారుడు తగ్గి పది రోజులైంది గానీ వెన్నెముక ఇంకా బయటికి తేలి ఉంది. పటకారు నొక్కగానే తల విసిరింది. చంద్రకాంతమ్మ ముక్కుతాడు గట్టిగా పట్టి ఆపింది.

"నువ్వే రాసినావంట గదా పాపా," అంది తాడు వదలకుండానే.

భువనేశ్వరి గొట్టం మూత బిగిస్తూ, "దాన్నుంచి వచ్చుండొచ్చు అనే ఉద్దేశంతో రాసినానక్కా," అంది.

"వచ్చుండొచ్చు అని యాడుంది? 'సంత నుంచి తెచ్చిన ఆవు' అని ఉండాది. నేను అయిదు దాకా సదువుకున్నాను." కోపంగా అనలేదు. అక్షరం తప్పు దిద్దినట్టు అంది. తర్వాత బిందె వంచి ఆవు ముందున్న గంగాళంలో నీళ్లు పోసింది. ఆవు తాగుతుంటే చూస్తూ నిలబడింది.

"పాలేం చేస్తా ఉండావక్కా?"

"తోడేస్తా ఉండా. మజ్జిగ చేస్తా ఉండా. తాగేవాళ్లెవురు? చేని గట్టుకు, గెనం మీద పోస్తా ఉండా."

భువనేశ్వరి ఏదో చెప్పాలనుకుంది. అప్పటికి ఇంకా రెండు పాకలు మిగిలున్నాయి. చీకటి పడేలోగా ఐసు పెట్టె పలమనేరు బస్సులో పడాలి. "రిజల్టు నాలుగు దినాల్లో వస్తుంది," అని మాత్రం చెప్పి బయటికి నడిచింది.

*

మూడో రోజు పొద్దున ఏడింటికి ఫోను వచ్చింది. "పాపా, ఎర్రావు లేస్తా ఉండాది, పడుకుంటా ఉండాది. మేత ముట్టలే. ఎనకాల తీగలాగా కారతా ఉండాది."

భువనేశ్వరి స్కూటీ మీద వెళ్లేసరికి అది పక్కకు పడుకుని మూలుగుతోంది. డాక్టరుకు ఫోను చేసింది. ఆయన కుప్పం వైపు వేరే కేసులో ఉన్నాడు. ఏం చెయ్యాలో చెప్పాడు. భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, నూనె పూసుకుని, ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. చంద్రకాంతమ్మ తోక పక్కకు పట్టుకుంది. లోపల దూడ కదలడం లేదని వేళ్లకు తెలిసిపోయింది. కాళ్లు రెండూ దొరకబుచ్చుకుని, ఆవు ముక్కినప్పుడల్లా లాగుతూ, అది ఆగినప్పుడు ఆగుతూ, చాలాసేపు పట్టింది. ఆఖరికి బయటికి వచ్చేసింది. జానెడు కూడా లేని తల, అప్పుడప్పుడే మొలుస్తున్న వెంట్రుకలు. ఎర్రటి పెయ్య.

ఆవు లేచి నిలబడి, వెనక్కి తిరిగి దాన్ని నాకబోయింది. చంద్రకాంతమ్మ తాడు పట్టి లాగింది. ఆవు మళ్లీ తిరిగింది. మళ్లీ లాగింది. మూడోసారి ఆమె లాగలేదు. "ఒకసారి నాకనీ పాపా," అంది.

"వద్దక్కా. జబ్బు..."

"దాని జబ్బే గదా. దాని బిడ్డే గదా."

భువనేశ్వరి పక్కకు జరిగింది. ఆవు నాకింది. తర్వాత ఇద్దరూ కలిసి చేను గట్టు కింద గుంత తీశారు. నేల గట్టిగా ఉంది. గడ్డపార ఒకటే. ఒకరు పొడుస్తుంటే ఒకరు చేతులతో మట్టి ఎత్తిపోశారు. భువనేశ్వరి సంచిలోంచి సున్నం తీసి అడుగున పోసింది, దూడను దించాక పైన పోసింది. మాయ కూడా అందులోనే వేసింది. మట్టి కప్పాక చంద్రకాంతమ్మ దాని మీద తుమ్మ కంప లాక్కొచ్చి వేసి, కుక్కలు తవ్వకుండా రాళ్లు పెట్టింది. రాయి రాయికీ ఆగి ఊపిరి పీల్చుకుంది. దారిన గడ్డిమోపులతో ఇద్దరు ఆడవాళ్లు పోతూ ఆగి చూశారు. దగ్గరికి రాలేదు.

తిరిగి వస్తుంటే కేంద్రం అరుగు మీద కూర్చున్న నరేంద్ర స్కూటీ ఆపాడు. అతనికీ ఒక దూడ పోయింది. "ఈసుకపోయిందంట గదా మేడం, ఎర్రావు? సూసినారా, జబ్బంతా దాంట్లోనే ఉండాది. దాన్ని ఊర్లో నుంచి తోలెయ్యమని రాయండి."

గంగాధరం లోపలి నుంచి, "పోనీలే అప్పా, వదిన మాత్రం తెలిసి తెచ్చిందా ఏమి," అన్నాడు. నిజంగానే జాలిగా అన్నాడు. చంద్రకాంతమ్మ ఆయనకు పెదనాన్న కొడుకు భార్య.

భువనేశ్వరి బట్టలకు ఇంకా ఆ వాసన ఉంది. స్కూటీ స్టార్టు చేసింది.

*

నాలుగో రోజు మధ్యాహ్నం డాక్టరు యోగానంద ఆమెను ఆసుపత్రికి పిలిపించాడు. బల్ల మీద ఒకే కాగితం ఉంది. ఐదు నంబర్లు. నాలుగింటి ఎదుట లేదు. ఒకదాని ఎదుట ఉంది.

భువనేశ్వరి నంబరు చూసింది. తన సంచిలోంచి పుస్తకం తీసి అందులోనూ చూసింది. పద్నాలుగు. గంగాధరం ఇంటి పెయ్య.

"తప్పు పడలేదు గదా సార్? గొట్టాలు మారలేదు గదా?"

"నువ్వు మార్చినావా?"

"లేదు సార్."

"అయితే మారలేదు." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అలసిపోయిన మనిషి. మూడు మండలాలకు ఆయనొక్కడే. "తల్లి మూడు నెలల చూడితో ఉండగా జబ్బు తగిలిందనుకో. తల్లికి పారుడొచ్చి పోతుంది. కడుపులో ఉండే దూడకు మాత్రం పోదు. దాని ఒంటికి అది పరాయిదని తెలీదు. పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా చొంగలో, పేడలో, ఊపిరిలో పంచుతానే ఉంటుంది. మందు లేదు. చాలావరకు రెండేళ్లకు మించి బతకవు. బతికినన్ని దినాలూ ఒంటరిగా కట్టేసుకోవాల."

"ఎర్రావుకు?"

"వచ్చింది, పోయింది. ఈ ఊరికి వచ్చినాకనే తగిలింది. దాని దూడ పోయింది కూడా దీని వల్లనే." ఆయన కాగితం ఆమె వైపు జరిపాడు. "మొదటి రిపోర్టులో సంత ఆవు అని రాసినావే, ఎవరు చెప్పినారు?"

"ఊళ్లో అందరూ చెప్పినారు సార్."

ఆయన ఇంకేమీ అనలేదు. అంతకంటే ఏదైనా అని ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

*

గంగాధరం కాగితం రెండుసార్లు చదివాడు. కంబళి కింద నుంచి చెయ్యి తీసి గడ్డం రుద్దుకున్నాడు. గాడి దగ్గర చౌడేశ్వరమ్మ పెయ్యకు తవుడు కలుపుతోంది. ఆమె చెయ్యి తవుడులోనే ఆగిపోయింది.

"రెండేళ్ల కిందట దీని తల్లికి పారింది," అంది ఆమె, ఎవరినీ చూడకుండా. "చూడి కట్టి మూడు నెలలు అప్పటికి."

"నువ్వుండు," అన్నాడు గంగాధరం. తర్వాత భువనేశ్వరి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మేడం, ఇది మన మధ్యనే ఉండనీ. సంతకు తోలేస్తాను. ఊరికి పీడ పోతుంది. నీకూ పని తగ్గుతుంది."

"కొన్నోళ్ల ఊరికి పోతుంది గదన్నా."

"ఎవురు కొంటారో, యాడికి పోతుందో. అదంతా మనం సూడగలమా?"

"ఒంటరిగా కట్టెయ్యమన్నారు సార్."

"కట్టేస్తే ఊరికి తెలీదా? నేను పాలు పోయించుకునేవాణ్ణి. నా పాకలో నుంచే జబ్బొచ్చిందంటే రేపు నా ముందర నిలబడి ఎవురు పాలు పోస్తారు?" బెదిరింపు కాదు. అడుగుతున్నాడు. నిజంగా ఆమె దగ్గర జవాబు ఉందేమోనన్నట్టు చూశాడు.

భువనేశ్వరి కాగితం మడిచింది. "అమ్మకూడదన్నా," అంది. గొంతు తను అనుకున్నంత గట్టిగా రాలేదు.

అక్కడి నుంచి చంద్రకాంతమ్మ ఇంటికి వెళ్లి, కాగితం ఆమె చేతికే ఇచ్చింది. ఎవరి పశువో చెప్పింది. సంత మాట చెప్పింది. "నేను చూడకుండా రాసినానక్కా. తప్పు నాదే," అంది.

చంద్రకాంతమ్మ కాగితంలోని అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. తన ఆవు నంబరు దగ్గర వేలు చాలాసేపు ఆగింది. భువనేశ్వరి తిట్టు కోసం ఎదురు చూసింది. ఆమె కాగితం తిరిగి ఇచ్చేసి, "రేప్పొద్దున పాలు తెస్తాను. నువ్వూ రా," అంది.

*

పొద్దున ఆరున్నరకు కేంద్రం ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. క్యాన్ల నుంచి ఆవిరి లేస్తోంది. భువనేశ్వరి నేరుగా గోడ దగ్గరికి పోయి జిరాక్సు కాగితం పీకింది. మైదాతో అంటించి ఉంది కాబట్టి సగమే వచ్చింది. మిగతాది గోటితో గీకాల్సి వచ్చింది. అందరూ చూస్తున్నారు.

"నేను రాసింది తప్పు," అంది వాళ్లవైపు తిరిగి. "పరీక్ష రాకముందే రాసినాను. జబ్బు తెచ్చింది ఎర్రావు గాదు. దానికీ ఈడనే తగిలింది. ఈ ఊరి పశువుకు పుట్టుకతోనే ఉండాది అది. రెండో పరీక్షలో తేలింది."

"ఏ పశువు?" అన్నాడు నరేంద్ర.

"ఆ ఇంటోళ్లకు చెప్పినాను."

"వాళ్లకు చెప్తే సరిపోతాదా? ఎర్రావు పేరు గోడకు అంటించినారే, దీని పేరెందుకు చెప్పరు? నా దూడ చచ్చిపోయింది మేడం."

అతను అడిగింది న్యాయమే. గంగాధరం బల్ల వెనక లాక్టోమీటరు పాలల్లో ముంచి, దానికేసే చూస్తున్నాడు. అది ఎప్పుడో నిలిచిపోయింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. భువనేశ్వరి నోరు తెరిచింది.

"చెప్పొద్దు పాపా."

చంద్రకాంతమ్మ. చివరలో నిలబడి ఉంది, చేతిలో చిన్న క్యాను. ఒక ఆవు పాలు ఎంత ఉంటాయో అంతే.

"నువ్వేంది వదినా అట్లంటావు?" అన్నాడు నరేంద్ర. "నీకే గదా ఎక్కువ నష్టం."

"నాకే. అందుకే అంటా ఉండా." ఆమె ముందుకు నడిచింది. నిలబడ్డవాళ్లు తెలియకుండానే దారి ఇచ్చారు. "నా ఆవు పేరు అంటించి ఇరవై దినాలైంది. ఒక బిందె నీళ్లు పోసినోళ్లు లేరు. పెయ్య పోతే గుంత తవ్వేదానికి వచ్చినోళ్లు లేరు. మీ నోట్లో ఒక పేరు పెడితే ఏం చేస్తారో నాకు తెల్సు. జబ్బున్నోళ్లు కట్టేసుకుంటారు. కట్టెయ్యకపోతే అప్పుడడగండి."

ఒకామె చూపు దించి క్యాను మూత సర్దుకుంది. చంద్రకాంతమ్మ తన క్యాను బల్ల మీద పెట్టింది.

"పాలు పోసుకో గంగాధరా."

ఆయన క్యాను ఎత్తాడు. కొన్ని పాలు బల్ల మీద ఒలికాయి. పాలలో వెన్న కొలిచే మిషన్ తిరగడం మొదలైంది. ఆ చప్పుడులో ఆమె బల్ల మీదికి వంగి మాట్లాడింది. పక్కనే నిలబడ్డ భువనేశ్వరికి మాత్రం వినబడింది.

"సంతకు తోలినావంటే మాత్రం నేనూ వస్తాను. ఈడ గాదు, సంతలో నిలబడి చెప్తాను. నీ పేరు, నీ ఊరి పేరు. నాకు కాళ్లుండాయి."

గంగాధరం తల ఎత్తలేదు. ఖాళీ క్యాను ఆమె వైపు జరిపాడు.

*

రెండు రోజుల తర్వాత భువనేశ్వరి గుట్ట మీది చేనుకు నడిచి వెళ్లింది. స్కూటీ అంతదూరం ఎక్కదు. పైకి పోయేకొద్దీ గాలి ఎక్కువైంది. కింద ఊరు, పాకలు, కేంద్రం రేకులు చిన్నవిగా కనబడుతున్నాయి.

ఈత చెట్ల పక్కన నాలుగు గుంజల మీద కొత్తగా రేకు వేసి ఉంది. దాని కింద పెయ్య. పక్కనే రాయి మీద చౌడేశ్వరమ్మ, కొంగు తలచుట్టూ బిగించుకుని, చొప్ప తుంచి ముక్కలు చేసి దాని ముందు వేస్తోంది. పెయ్య తింటోంది, ఆగుతోంది, మళ్లీ తింటోంది.

"అన్న తోలుకొచ్చినాడా?"

"ఆయప్పే. నిన్న పొద్దున. నడి వీధిలోనే తోలుకొచ్చినాడు."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

చౌడేశ్వరమ్మ చొప్ప తుంచడం ఆపింది. "ఎవురూ అడగలే పాపా. అందరూ సూసినారు. యాడికన్నా అని ఒక్కరూ అడగలే. ఆయప్పను ఎవురడుగుతారు?" చొప్ప మళ్లీ అందుకుంది. "అడిగితే చెప్పేవాడే అనుకుంటా. ఇంటికొచ్చి అన్నం తినలే."

భువనేశ్వరి పెయ్య ఉష్ణోగ్రత చూసింది. నోరు తెరిచి చిగుళ్లు చూసింది. పుస్తకంలో రాసుకుంది.

"ఎన్ని దినాలుంటుంది పాపా?"

"చెప్పలేమమ్మా. ఆరు నెలలుండొచ్చు. ఏడాది ఉండొచ్చు."

చౌడేశ్వరమ్మ తల ఊపింది. తర్వాత కింద వంపులోకి దిగే సన్నటి కాలవ వైపు చెయ్యి చూపించింది. "ఇందాక చంద్రకాంతమ్మ వచ్చింది. గడ్డికి వచ్చిందంట. ఆడనే, ఆ బండ దగ్గరే నిలబడింది. ఇరవై దినాలుగా నేనా యమ్మకు ముఖం సూపించినదాన్ని గాదు. ఏమంటుందో అని కూచోనుండా. 'ఈడ కడితే దీని మూత్రం, పేడ అంతా ఈ కాలవలో దిగుతాది, కింద నా పాక పక్కనే వస్తాది. గట్టుకు అవతల కట్టుకో. ఆ వాలు అడివిలోకి పోతాది,' అనింది. అని పోయింది. దీన్ని సూసింది, పోయింది."

"ఆమె చెప్పింది నిజమే," అంది భువనేశ్వరి, వాలు చూసి. తనకు తట్టనందుకు సిగ్గుపడింది.

"నిజమే. కానీ దీన్ని కట్టిన గుంజ నాకొక్కదానికి రాలే. అప్పట్నుంచి పీకతా ఉండా."

భువనేశ్వరి సంచి కింద పెట్టి, చున్నీ నడుముకు చుట్టుకుంది. గుంజ లోతుగా దిగి ఉంది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని ఊపారు. ఇటు ఒకసారి, అటు ఒకసారి. మట్టి కొంచెం కొంచెంగా వదిలింది. పెయ్య పలుపు చివర నిలబడి వాళ్లనే చూస్తూ నెమరు వేస్తోంది. గుంజ ఊడి వచ్చాక చౌడేశ్వరమ్మ పెయ్యను పట్టుకుని గట్టు దాటింది. భువనేశ్వరి గుంజను భుజాన వేసుకుని వెనకాలే ఎక్కింది. అవతల నేల రాతినేల. కాసేపు వెతికితే రెండు బండల మధ్య మెత్తటి చోటు దొరికింది. ఆమె గుంజ నిలబెట్టి పట్టుకుంది. చౌడేశ్వరమ్మ రెండు చేతులతో రాయి ఎత్తి కొట్టింది. ఒక్కో దెబ్బకు వేలెడు కూడా దిగలేదు. ఆమె ఆయాసంతో ఆగినప్పుడు, భువనేశ్వరి రాయి అందుకుంది.